గేజి బద్ద

ఒకప్పుడు రాజధాని మా ఊరు.
ఆ పేరు నిండుగా పలికే ఓపిక ఇప్పుడెవరికీ లేదు.
బస్సు కండక్టరు సగం మింగి "రాజమండ్రీ" అని అరుస్తాడు,
మిగతా సగం, సంచి సర్దుకునేలోపు మేమే మింగేస్తాం.

కోటగుమ్మం అని ఓ సెంటరుంది.
గుమ్మం లేదు. కోట లేదు.
షేరు ఆటోలు మాత్రం అక్కడే ఆగుతాయి.
కోట ఎటండీ అంటే
పూలకొట్టాయన ఏటివైపు చెయ్యి చూపిస్తాడు.
ఏటిని అడిగితే
అదేమో ధవళేశ్వరం వైపు పోతూనే ఉంటుంది.

ముప్పై రెండేళ్లు ఈ ఊళ్లో ఇంటిపన్ను బిల్లులు పంచాను.
సైకిలు హేండిలుకి గుడ్డసంచి, చెవి మీద పెన్సిలు.
ఊరు పెరగడమంటే జనం మేడలు చూస్తారు,
నేను డోరు నంబర్లు చూశాను.
ఆర్యాపురంలో ఓ పెంకుటిల్లు, ఉత్త పద్నాలుగు.
అన్నదమ్ములు విడిపోయాక పద్నాలుగు బై ఏ.
పెరట్లో గది దింపి అద్దెకిచ్చాక బై ఏ బై వన్.
ఇప్పుడక్కడ ఐదంతస్తులు, ఇరవై కరెంటు మీటర్లు,
నుయ్యి ఉన్నచోట లిఫ్టు.
అది దిగేటప్పుడల్లా నాకు గిలక చప్పుడు వినిపిస్తుంది.

మా తాత మన్యం టేకు దుంగల్ని తెప్పలు కట్టి
ఏట్లో తోలుకొచ్చేవాడు, వండుకు తినడమూ వాటిమీదే.
ఆ దుంగలే ఇక్కడ దూలాలయ్యాయి, తలుపులయ్యాయి,
నేను సంతకం పెట్టే ఆఫీసు బల్లయ్యాయి.
ఈ ఊరు చాలావరకు
నీళ్లమీద తేలుతూ వచ్చిందే.
ఆనకట్ట రాళ్లకని వచ్చినవాళ్లు, వంతెన దిమ్మలకని వచ్చినవాళ్లు
పని అయిపోయాక తట్టలు బోర్లించి ఉండిపోయారు.
నా పుస్తకంలో ఆ గుడిసెల్ని పేటలంటారు.

కొల్లాబత్తుల ఏసేబుది వేరే లెక్క.
రేవుగోడ మీది గేజి బద్దకి ఏటా వేసవిలో
నలుపూ తెలుపూ వేసి అడుగులు దిద్దేవాడు.
అతనికి ఊరంటే ఎత్తు.
"మీ పేట మా పేటకన్నా అడుగున్నర పైనండీ" అనేవాడు.
కులం అడిగినవాళ్లకీ అదే జవాబు.

రాష్ట్రం రెండైన ఏడు ఓ పుకారు లేచింది,
రాజధాని మళ్లీ మనకేనట!
టీకొట్టు దగ్గర తేతలి సుబ్బిరెడ్డి
ఎకరాల్ని గజాల్లోకి మార్చేశాడు.
కొబ్బరితోటల్లో సున్నపు గీతలు పడ్డాయి.
మల్లాడి నూకరత్నం చేపకి పొలుసు తీస్తూ అడిగింది,
"రాజధానంటే ఏం వస్తాదండీ, బిల్లుబాబుగారూ?"
పెద్ద రోడ్లు, పెద్దాఫీసులు, మంత్రులు అన్నాను.
"అయితే రేవులో మమ్మల్ని కూచోనియ్యరన్నమాట"
అని నీళ్లు చల్లి కత్తిపీట కడుక్కుంది.
పుకారు కృష్ణ వైపు పోయింది.
గీతలు ఒక్క వానకి పోయాయి.
సుబ్బిరెడ్డి టీకొట్టు బాకీ ఇంకా ఉంది.

ఓ శ్రావణంలో ఎర్రనీళ్లు వచ్చాయి.
మైకులో రెండో ప్రమాద హెచ్చరిక,
ఒకే గొడుగు కింద నేనూ ఏసేబూ.
టార్చి వేసి బద్ద చూపించాడు.
కొత్త రంగు పెచ్చు లేచినచోట పోయినేటి అంకె,
దాని కింద ఇంకో చేతి రాత,
దాని కింద తెలుగంకె, తోక వంకరగా.
"ఇంకా కింద ఏముందోనండీ, నేను గీకలేదు" అన్నాడు.
ఎవరు దిద్దారో అడగబోయాను.
నీళ్లు వాటిని ఒక్కొక్కటే కప్పుతున్నాయి,
అతను పుస్తకంలో టైము రాసుకుంటున్నాడు.

రిటైరైన రోజు సరదాకి ఆఖరి బిల్లొకటి రాశాను.
పేరు: రాజుగారు. డోరు నంబరు: లేదు.
కోటగుమ్మం.
బాకీ: సుమారు వెయ్యేళ్ల ఇంటిపన్ను, వడ్డీ మాఫీ.
వెనక అలవాటుగా
"ఇంటికి తాళం వేసి ఉన్నది" అని రాసి
గోదాట్లో వదిలాను.

మర్నాడు ఏసేబు పనిగట్టుకుని ఫోన్ చేశాడు.
నీటిమట్టంలో తేడా ఏం లేదట.